కుక్క మెడలో బిళ్ళ ఎవరి కోసం?

ఈసారి పోస్టు కాస్త పెద్దదే. పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి.

మన గేదెల చెవులకి పసుప్పచ్చ ట్యాగులు వేస్తున్నారు కదా, పన్నెండు అంకెల నంబరుతో. పశువుల ఆధార్ అంటున్నాం దాన్ని. ఆ నంబరు కొడితే గేదె ఎవరిది, ఏ టీకా ఎప్పుడు పడింది అన్నీ వచ్చేస్తాయి. అదే కొట్టంలో గేదెకి కాపలా పడుకునే కుక్కకి మాత్రం ఏ గుర్తూ లేదు. మన వీధిలో ఉన్నంతసేపూ అది ఫలానా వాళ్ళ కుక్క అని అందరికీ తెలుసు. ఊరి పొలిమేర దాటిందంటే అది ఉత్త కుక్క. ఊళ్ళల్లో కుక్కల్ని పట్టే బండ్లు తిరుగుతున్నాయి, మనదానికీ మెడలో ఓ బిళ్ళ వేద్దాం నాన్నా అంది మా అమ్మాయి. సరే అన్నాను. తీరా దాని మీద ఏం రాయించాలి అనేసరికి ఇంట్లో తలా ఒక మాట. కుక్క పేరా, నా పేరా, ఊరా, ఫోన్ నంబరా? అంగుళం బిళ్ళ మీద ఎన్ని పడతాయి?

ఆ వంకన చదవటం మొదలుపెడితే, ఈ అంగుళం బిళ్ళ వెనక రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉందండీ. ఆ చరిత్ర అంతా ఒకటే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆ బిళ్ళ ఎవరు చదవాలని రాస్తున్నాం? యజమాని గొప్పకా, సర్కారు లెక్కకా, దారిన పోయే ముక్కూమొహం తెలీని మనిషికా?

ముందు మనకి దగ్గర్లో ఉన్న సంగతి చెప్తాను. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో ఒక రాయి దొరికింది. ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 949-950 నాటిది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు, గంగరాజు బూతుగుడు ఒక వైపు, చోళులు ఒక వైపు తక్కోలం దగ్గర యుద్ధం చేసిన కాలం అది. చోళ రాకుమారుడు రాజాదిత్యుడు పోయింది ఆ యుద్ధంలోనే. బూతుగుడి మనిషి మణలేరుడు బాగా పోరాడాడని మెచ్చి, వరం కోరుకోమంటే, ఆయన ఊళ్ళూ మాన్యాలూ అడగలేదట. 'కాళి' అనే వేటకుక్కని ఇప్పించమన్నాడు. ఇచ్చారు. తర్వాత ఒక గుట్ట మీద పెద్ద అడవిపందితో తలపడి, పందీ కుక్కా రెండూ చచ్చిపోయాయి. ఆ కాళి కోసం గుడి ముందు రాయి నిలబెట్టి, పైన కుక్కా పందీ కొట్టుకుంటున్న బొమ్మ చెక్కించి, భూమి రాసిచ్చారు. ఆ రాయికి పూజ చెయ్యకుండా పూజారి అన్నం తినకూడదని షరతు కూడా పెట్టారు. వెయ్యేళ్ళు దాటినా ఆ కుక్క పేరు మనకి తెలుసు. ఎంతమంది రాజుల పేర్లు మర్చిపోయామో!

అయితే ఆ పేరు కుక్క చచ్చిపోయాక రాసింది. బతికుండగా దానికి పేరు రాసుకు తిరగాల్సిన పనేముంది? ఊళ్ళో అందరికీ అది ఎవరి కుక్కో తెలుసు. గుర్తు అవసరమయ్యేది తెలియని మనిషి ఎదురుపడ్డప్పుడే. అందుకే ఈ బిళ్ళల కథ పల్లెటూళ్ళలో పుట్టలేదు, పెద్ద పట్టణాల్లో పుట్టింది.

పెద్ద పట్టణం అంటే అప్పట్లో రోము. రోము రాజ్యంలో పాంపేయీ అనే ఊరు క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. 1874లో ఆ బూడిదలో ఒక కుక్క ఆకారం బయటపడింది. మెడకి బెల్టు, బెల్టుకి కంచు గుబ్బలు. గొలుసుతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక మెలికలు తిరిగి పోయింది. ఆ బొమ్మ ఫొటో చూస్తే మనసు పాడైపోతుంది. పడుకునే ముందు మాత్రం చూడకండి.

ఇంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటుంది. రోములోనే ఒక మ్యూజియంలో ఇనప కడియం ఒకటి ఉంది, మెడకి వేసేది, దానికి కంచు బిళ్ళ వేలాడుతుంటుంది. దాని మీద రాసిన దాని సారాంశం ఏంటంటే, నేను పారిపోయాను, నన్ను పట్టుకోండి, మా యజమాని జోనినస్‌కి అప్పజెప్తే మీకు ఒక బంగారు నాణెం ఇస్తాడు అని. చదవగానే మనం తప్పిపోయిన కుక్క కోసమే అనుకుంటాం. ఇలాంటి కడియాలు కుక్కలవే అని వాదించినవాళ్ళూ ఉన్నారు. కానీ ఎక్కువమంది చరిత్రకారులు చెప్పేది అది బానిస మనిషి మెడలోది అని. ఇలాంటివి నలభై పైచిలుకు దొరికాయి. ఈరోజు మనం కుక్క బిళ్ళ మీద 'దొరికితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అని రాయిస్తాం చూశారా, సరిగ్గా అదే మాట మొదట మనిషి మెడలో పడింది. మాట ఒకటే. దాన్ని చదివే తెలియని మనిషి ఒక చోట రక్షించేవాడు, ఇంకో చోట వేటగాడు.

ఇంగ్లండులో ఇంకో రకం గుర్తు ఉండేది. అక్కడ అడవులు రాజుగారివి, జింకలూ రాజుగారివే. అడవి పక్కన ఉండే రైతు కుక్క జింకని తరిమితే ఎలా? అందుకని పెద్ద కుక్కలకి ముందు కాలి గోళ్ళు మూడు వేళ్ళతో సహా నరికేసేవాళ్ళు, పరిగెత్తకుండా. 1217లో వచ్చిన అడవి చట్టం దీన్ని కాస్త తగ్గించింది. మూడేళ్ళకోసారి మాత్రమే తనిఖీ, కాలు నరకని కుక్క కనపడితే యజమానికి మూడు షిల్లింగుల జరిమానా, అరికాలి మెత్త మాత్రం కొయ్యకూడదు అని. దయ చూపించిన చట్టమే ఇట్లా ఉంటే దానికి ముందు ఎట్లా ఉండేదో ఆలోచించండి. ఆ కుంటికాలే ఆ కుక్కకి ఆధార్ కార్డు. రాజుగారి వేటకుక్కలకి మాత్రం కాళ్ళు భద్రం.

జమీందార్ల కుక్కలకైతే వెండి బెల్టులు, ఇత్తడి బెల్టులు. ఇంగ్లండులోని లీడ్స్ కోటలో పాత కుక్క బెల్టులకే ఒక మ్యూజియం ఉంది, వంద దాకా ఉన్నాయి. వాటిలో మేకులు బయటికి పొడుచుకొచ్చే ఇనప బెల్టులు కూడా ఉన్నాయి, తోడేలు గొంతు పట్టకుండా. మన హిమాలయాల్లో గొర్రెల కాపర్లు చిరుతల భయానికి తమ కుక్కలకి ఇప్పటికీ అలాంటివే వేస్తారు. అది అసలైన పనికొచ్చే బెల్టు. అలెగ్జాండర్ పోప్ అనే కవి 1730ల్లో యువరాజు ఫ్రెడరిక్‌కి ఒక కుక్కపిల్లని బహుమతిగా ఇస్తూ దాని బెల్టు మీద రెండు పాదాల పద్యం చెక్కించాడు. వంగి చదివినవాడినే ఎత్తిపొడిచే పద్యం అది. కుక్క యజమాని ఎవరో చెప్పి, నీ యజమాని ఎవరు అన్నట్టు ఎదురు అడుగుతుంది. దర్బారులో తిరిగేవాళ్ళకి బాగానే తగిలి ఉంటుంది.

ఇక సర్కారు సంగతి. బిళ్ళ బంట్రోతు అనే మాట మీలో పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. కచ్చేరీలో నౌకరు ఛాతీకి అడ్డంగా పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ ఉంటే వాడి వెనక సర్కారుందని అర్థం. కుక్క మెడలోకి కూడా అలాంటి బిళ్ళే వచ్చింది, పన్నుతో పాటు. ఇంగ్లండులో 1796లో కుక్కల మీద పన్ను వేశారు. ఫ్రాన్సుతో యుద్ధం, తిండిగింజల కరువు, ఆ రోజుల్లో కుక్కలు మనుషుల తిండి తింటున్నాయని జాన్ డెంట్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టాడు. జనం ఆయనకి 'కుక్క డెంట్' అని పేరు పెట్టారు, చచ్చేదాకా ఆ పేరు పోలేదు. 1867లో పన్ను పోయి లైసెన్సు వచ్చింది, ఏడాదికి అయిదు షిల్లింగులు. 1878లో ఏడున్నర షిల్లింగులు చేశారు. తమాషా ఏంటంటే ఆ తర్వాత వందేళ్ళు దాన్ని పెంచనే లేదు. 1987లో ఎత్తేసేటప్పటికి అది 37 పెన్నీలు, వసూలు ఖర్చుకే చాలనంత. జర్మనీలో 1810లో ప్రష్యా రాజ్యం విలాసాల పన్ను కింద కుక్కల్ని కూడా చేర్చింది. అక్కడ ఇప్పటికీ ఊరి మునిసిపాలిటీకి కుక్క పన్ను కట్టి బిళ్ళ తెచ్చుకోవాల్సిందే.

ఈ బిళ్ళ మీద యజమాని పేరు ఉండదు. నంబరు ఉంటుంది. కుక్క తప్పిపోతే దారిన పోయేవాడికి దానివల్ల ఉపయోగం లేదు. అది రసీదు అంతే.

సరే, బిళ్ళ లేని కుక్క గతి ఏమిటి? దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. ఈ పోస్టు రాయటానికి అసలు కారణం కూడా అదే.

1832, బొంబాయి. అప్పట్లో కుంపిణీ పాలన. పిచ్చికుక్కల భయంతో, వీధికుక్కల్ని ఏడాదిలో కొన్ని నెలలు చంపొచ్చని 1813లోనే ఒక రూలు పెట్టారు. 1832లో మేజిస్ట్రేట్లు ఆ గడువుని జూన్ 15 దాకా పొడిగించి, కుక్కకి ఎనిమిదణాలు బహుమతి ప్రకటించారు. ఎనిమిదణాలంటే అప్పట్లో చిన్న డబ్బు కాదు. అంతే, పట్టేవాళ్ళకి వీధికుక్క, ఇంటికుక్క తేడా లేకుండా పోయింది. గుమ్మాల ముందు పడుకున్నవాటిని, ఇళ్ళల్లో ఉన్నవాటిని కూడా లాక్కెళ్ళి చంపటం మొదలుపెట్టారు. కాదని చెప్పటానికి కుక్క మెడలో ఏముంది? ఒక్కో కుక్క వాళ్ళకి ఎనిమిదణాల నాణెంలా కనపడింది. లెక్కకి డబ్బులిస్తే ఏ పనైనా ఇలాగే తయారవుతుంది, మనం ఎన్ని చూశాం.

బొంబాయి కోట ప్రాంతంలో పార్సీలు ఎక్కువ. వాళ్ళ మతంలో కుక్క చాలా పవిత్రం. మనిషి పోతే శవాన్ని కుక్కకి చూపించటం వాళ్ళ ఆచారం, కళ్ళ పైన రెండు మచ్చలుండే నాలుగు కళ్ళ కుక్క అయితే మరీ శ్రేష్ఠం అంటారు. జూన్ 6న కుక్కల్ని పట్టే పోలీసుల మీద పార్సీలు గుంపుగా పడ్డారు. మర్నాడు దుకాణాలు మూతపడ్డాయి. పార్సీలతో పాటు హిందువులూ, జైనులూ, ముస్లిములూ కూడా బందులో కలిశారు. కొలాబాలో ఉన్న ఇంగ్లీషు సైనికులకి తిండి సరుకులు పోనివ్వలేదు. చివరికి సైన్యాన్ని దింపి చెదరగొట్టారు. కుక్కల కోసం జరిగిన బందు అది! పార్సీ పెద్దలు అర్జీలు పెట్టుకున్నారు. రెండేళ్ళ తర్వాత 1834లో జంషెట్‌జీ జీజీభాయ్ ముందుండి బొంబాయి పాంజ్రపోల్ పెట్టించారు, దిక్కులేని పశువుల కోసం. భులేశ్వర్‌లో అది ఇప్పటికీ ఉంది.

దీంట్లో నేను ఒక వైపే మాట్లాడను. పిచ్చికుక్క భయం ఉత్త భయం కాదు. పాశ్చర్ టీకా కనిపెట్టింది 1885లో, అంటే బొంబాయి గొడవ అయిన యాభై మూడేళ్ళకి. అప్పటిదాకా కరిస్తే ఇక రోజులు లెక్కపెట్టుకోవటమే. మన మద్రాసు వైపు కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది 1907లో. మా చిన్నతనంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, ఆ మాట వింటేనే పిల్లలం వణికిపోయేవాళ్ళం. ఇవాళ్టికీ రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతకటం అనేది దాదాపు లేదు, కరవగానే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే టీకాకి పరిగెత్తాల్సిందే. కాబట్టి బొంబాయి మేజిస్ట్రేట్లది ఉత్త దుర్మార్గం అనలేను. కానీ పిచ్చిది ఏదో, మంచిది ఏదో, ఒకరిది ఏదో తెలిసే మార్గం పెట్టకుండా తలకింత అని వెల కట్టారు చూడండి, అది మాత్రం ఘోరం.

మన ఊరికుక్క సంగతి ఇంకో మెలిక. విదేశాల్లో కుక్క అయితే ఒకరిది, లేకపోతే ఎవరిదీ కాదు. మనకి మధ్యలో ఇంకొకటుంది, వీధిది. నాలుగిళ్ళలో మిగిలిన అన్నం తింటుంది, గడ్డివాము పక్కన పడుకుంటుంది, రాత్రి కొత్త మనిషి వస్తే అరుస్తుంది. 2023లో వచ్చిన కుక్కల జననియంత్రణ నియమాలు వీటిని సమాజంలోని జంతువులు అన్నాయి. పట్టుకెళ్ళి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొంచెం కత్తిరించి తెచ్చి అక్కడే వదలాలి. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల మీద సుప్రీంకోర్టు ముందు 11న అన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది, 22న ఆ ఉత్తర్వు మార్చి, పిచ్చివీ, మీదపడేవీ తప్ప మిగతావి టీకా వేసి పట్టినచోటే వదలమంది. దేశమంతా దాని గురించే మాట్లాడుకున్నాం. కత్తిరించిన ఆ చెవి చూసినప్పుడల్లా నాకు ఇంగ్లండు అడవి కుక్కల కాలు గుర్తొస్తుంది. కాకపోతే ఇది మత్తిచ్చి చేస్తారు, ఈ గుర్తు కుక్కని కాపాడుతుంది, అది దాన్ని కుంటి చేసేది.

కాస్త సంతోషంగా ఉండే కథ ఒకటి చెప్పి అసలు పనిలోకి వస్తాను. అమెరికాలో ఆల్బనీ అనే ఊరి పోస్టాఫీసులో 1888 ప్రాంతంలో ఓనీ అనే కుక్క చేరింది. దానికి ఉత్తరాల సంచుల వాసన ఇష్టం. సంచులు ఎక్కిన రైలు ఎక్కేసేది. ఎక్కడికి పోతుందో తెలీదని పోస్టాఫీసు వాళ్ళు దాని బెల్టు మీద పేరు, ఆల్బనీ పోస్టాఫీసు అని రాయించారు. అది వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ పోస్టాఫీసు వాళ్ళు తమ ఊరి బిళ్ళ ఒకటి తగిలించి పంపేవాళ్ళు. బిళ్ళల బరువుకి మెడ వంగిపోతుంటే, వాటిని తగిలించుకోవటానికి పోస్టుమాస్టర్ జనరల్ వానమేకర్ దానికి ఒక కోటు లాంటిది కుట్టించాడు. 1895లో ఓడలెక్కి ప్రపంచం చుట్టి వచ్చింది. 1897లో పోయింది, ఇప్పుడు వాషింగ్టన్ పోస్టల్ మ్యూజియంలో బిళ్ళలతో సహా ఉంది. అన్ని వందల బిళ్ళల్లోకీ దానికి నిజంగా పనికొచ్చింది మొదటిది ఒక్కటే, ఎక్కడికి తిరిగి పంపాలో చెప్పేది. ఆ తర్వాత 1906లో అమెరికా తన సైనికుల మెడలోనూ అల్యూమినియం బిళ్ళ వేసింది, దాన్ని అందరూ కుక్క బిళ్ళ అనే పిలుస్తారు. రోములో మనిషి మెడ నుంచి మొదలై మళ్ళీ మనిషి మెడకే వచ్చింది చూడండి.

ఇప్పుడు చిప్పులు వచ్చాయి. బియ్యపుగింజంత ఉంటుంది, చర్మం కింద పెడతారు, పదిహేనంకెల నంబరు. ఇంగ్లండులో 2016 ఏప్రిల్ నుంచి ప్రతి కుక్కకీ తప్పనిసరి చేశారు. అయినా అక్కడ బయటికి వచ్చిన కుక్క మెడలో యజమాని పేరు, అడ్రసు ఉండాలన్న 1992 నాటి రూలు తీసెయ్యలేదు. ఎందుకంటే చిప్పు చదవాలంటే మిషను కావాలి, బిళ్ళ చదవాలంటే కళ్ళు చాలు. మన పక్క ఊరి పుల్లయ్యో ఎల్లమ్మో చిప్పు చదవగలరా?

కాబట్టి మా లెక్క ఇలా తేలింది. బిళ్ళ చదివేది పొలం గట్టున వెళ్ళే తెలియని మనిషి. ఆయనకి చదువు రాకపోయినా అంకెలు వస్తాయి, ఫోన్ నొక్కగలడు. అందుకని పైన రెండు ఫోన్ నంబర్లు, నాది ఒకటి, మా అమ్మాయిది ఒకటి, పొలంలో నా ఫోన్ సిగ్నల్ అందదు గనక. కింద తెలుగులో ఊరి పేరు. నా పేరు వద్దు, చోటు దండగ. కుక్క పేరు 'టైగరు' రాద్దామా వద్దా అని ఇంట్లో ఓట్లు పడ్డాయి, రాద్దామనే గెలిచింది. పేరు పెట్టి పిలిస్తే ఆగుతుంది, పట్టుకోవటం తేలిక. దొంగ కూడా పిలవొచ్చు కదా అని మా ఆవిడ మాట. టైగరుని దొంగిలించే దొంగ ఎవడో చూడాలని నాకూ ఉంది.

ఆన్‌లైన్లో ఎముక ఆకారంలో రంగురంగులవి అమ్ముతున్నారు. నా సలహా, మీ ఊరి స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళండి. పెళ్ళి గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను ఉంటుంది కదా, దాంతోనే గుండ్రటి స్టీలు రేకు మీద కొట్టిస్తే ఏళ్ళ తరబడి చెరగదు. అల్యూమినియం మెత్తన, అక్షరాలు అరిగిపోతాయి. ఇత్తడి చిలుం పడుతుంది. ఎస్ ఆకారం కొక్కెం తగిలిస్తే కంపల్లో చిక్కుకుని ఊడిపోతుంది, తాళంచెవుల రింగు మేలు. పొలం తిరిగే కుక్కకైతే వేలాడే బిళ్ళ కన్నా బెల్టుకే రివిట్లు కొట్టిన పట్టీ ఇంకా మేలు. బెల్టుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. బిళ్ళ వెనక వైపు టీకా వేసిన సంవత్సరం, ఏటా ఒకటి కొట్టించుకోవచ్చు.

ఇంటికుక్క సంగతి ఇలా తేలింది. మా వీధి నల్లకుక్క సంగతే తేలలేదు. దానికీ ఒక బిళ్ళ చేయిద్దామని నాలుగిళ్ళ వాళ్ళం అనుకున్నాం. డబ్బులకి అందరూ సరేనన్నారు. నంబరు ఎవరిది రాయాలి అనేసరికి ఒక్కరూ మాట్లాడలేదు. కొత్త న్యాయ సంహితలో 291వ సెక్షను ఉంది, పెంచే జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉండి మనుషులకి ప్రమాదం తెస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మెడలో ఎవరి నంబరుంటే, రేపు అది ఎవరినైనా కరిస్తే ఆ ఇంటికే వస్తారు కదా అని వాళ్ళ భయం. అబద్ధం కాదు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం. మీ వీధుల్లో ఎవరన్నా ఇలా చేసి ఉంటే, ఎవరి నంబరు రాశారో చెప్పండి.